మొగలో ఇసుక

సర్గెయిరా,
అక్టోబరు 19, 1997

నాయనా అదేరితు,

నువ్వు పంపిన పూలచక్రం చేరింది. ఇద్దరు మోసుకొచ్చేంత పెద్దది. ఊదారంగు రిబ్బను మీద బంగారు అక్షరాలతో "రేవుల మంత్రి" అని ఉంది. నా కొడుకు పేరు ఎక్కడుందా అని వెతికాను. ఎక్కడా లేదు. శవపెట్టె మీద పెట్టనివ్వలేదు నేను. స్మశానం గోడకు ఆనించాం. అక్కడే వాడిపోయింది.

నువ్వు రాలేదు. పోనీ, మంత్రికి పనులుంటాయి అనుకున్నాను. నా జెఫెరీను చిన్నప్పుడు నీ తోకలా తిరిగాడు, నీకు బిగుతైన బూట్లు తొడుక్కుని పెరిగాడు. అయినా పోనీ అనుకున్నాను. మట్టిచ్చి ఇంటికొచ్చాం. కోడలు గ్రసియెట్ నా ముందు సూపు పెట్టింది. టీవీ పెట్టి ఉంది. అందులో నువ్వు కనిపించావు.

"మృతుల కుటుంబాలకు మా సానుభూతి. అయితే కొందరు సరంగులు హెచ్చరికలను లెక్కచేయడం లేదు. వాళ్ళ తొందరపాటుకు ప్రభుత్వం బాధ్యత వహించలేదు" అన్నావు.

గ్రసియెట్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "అత్తయ్యా, ఈయన మన అదేరితేనా?" అంది. 

ఏ హెచ్చరికరా? పడవలు దాటకుండా మొగ మూసేస్తే స్తంభం మీద నల్ల బంతులు ఎగరేస్తారు. అది నీకు నేను చెప్పాలా? నువ్వు ఈ ఒడ్డున పుట్టినవాడివి కాదూ? ఆ రోజు స్తంభం మీద ఏమీ లేదు. పట్టపగలు. గాలి కూడా లేదు. జెఫెరీను సరంగుగా మా పడవ వస్తుంటే నేను బట్టలు ఆరేస్తూ చూస్తూనే ఉన్నాను. గుయా మాత, నీలి రంగు, ముక్కు మీద తెల్ల నక్షత్రం. నది సముద్రంలో కలిసే ఆ మొగలో ఇసుక మేట వేసింది. ఆ మేట మీద ఎక్కడినుంచో ఒక అల లేచింది. పడవ అడుగు ఇసుకకు తగిలి నిలబడిపోయింది. నిలబడ్డ పడవను అల పక్కకు తిప్పి బోర్లా పడేసింది. ఒడ్డు నుంచి ఒక కేక దూరం. ముగ్గురు ఈదుకొచ్చారు. నా వాడు, ఎదురింటి బెన్విందా కొడుకు తొమె రాలేదు. తొమెకి ఈత సరిగా రాదు. వాణ్ణి పట్టుకోవడానికే నా వాడు మళ్ళీ వెనక్కి వెళ్ళాడట. బతికొచ్చినవాళ్ళు చెప్పారు.

నా కొడుకును కడిగినప్పుడు చెవుల్లో ఇసుక, ముక్కులో ఇసుక. ఎంత తుడిచినా వస్తూనే ఉంది. ఆ ఇసుక ఎవరు తీయాలి? నువ్వు తీయాలి. మొదటిసారి ఎన్నికల్లో నిలబడినప్పుడు చేపల వేలంపాట దగ్గర నా డబ్బా మీదే ఎక్కి అరిచావు. "నన్ను మునిసిపాలిటీకి పంపండి, ఈ మొగలో పూడిక తీయిస్తాను" అన్నావు. పంపాం. అక్కణ్ణించి పార్లమెంటుకు పోయావు. అక్కణ్ణించి సహాయ మంత్రివయ్యావు. ఇప్పుడు ఏకంగా రేవుల మంత్రివే. నువ్వు ఒక్కో మెట్టు ఎక్కావు. ఇసుక కూడా ఒక్కో మెట్టు ఎక్కింది.

నేను అడిగేది ఒక్కటే. టీవీలో ఆ మాట ఎక్కడ అన్నావో అక్కడే నిలబడి, జెఫెరీను తప్పేం లేదని చెప్పు. పూడిక తీయకపోవడం వల్లే పడవ బోల్తాపడిందని చెప్పు.

విప్లవం వచ్చిన ఏడాది నువ్వు కాలేజీ పిల్లల్తో వచ్చి, మా ఆడవాళ్ళందరినీ వలలు కుట్టే పాకలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించావు. ఆ అక్షరాలతోనే రాస్తున్నాను. తప్పులుంటే నీవే.

నిన్ను జ్ఞానస్నానం తొట్టి మీద ఎత్తి పట్టుకున్న
జ్ఞానమ్మ ఎర్మెలిండా


లిస్బన్,
నవంబరు 4, 1997

గౌరవనీయులైన శ్రీమతి ఎర్మెలిండా గారికి,

మీరు గౌరవ మంత్రివర్యులకు రాసిన లేఖ అందినది. మీకు కలిగిన తీరని లోటుకు మంత్రివర్యులు ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నారు. ప్రమాద కారణాలపై సంబంధిత అధికారులు విచారణ జరుపుతున్నందున ఈ దశలో వ్యాఖ్యానించడం సముచితం కాదని మనవి. తీరప్రాంత మత్స్యకారుల భద్రతకు ఈ ప్రభుత్వం కట్టుబడి ఉన్నది.

అభినందనలతో,
మంత్రి అదేరితు


సర్గెయిరా,
నవంబరు 12, 1997

గౌరవ మంత్రివర్యులైన అదేరితుగారికి,

తమరి ఉత్తరం అందిందండి. చాలా బాగుందండి. ఎక్కడా కొట్టివేతల్లేవు, ఎక్కడా కన్నీటి చుక్క పడలేదు. ఆ టైపు మిషను కొట్టిన అమ్మాయికి నా దీవెనలు చెప్పండి. చావు ఉత్తరం చివర "అభినందనలతో" అని కొట్టకూడదని కూడా చెప్పండి. పాపం చిన్నపిల్ల, ఇంట్లో ఇంకా ఎవరూ పోయి ఉండరు.

తమరు మరీ పెద్దవారైపోయారు కనుక ఇకమీద మీరు అనే పిలుస్తాను. తమరి ముక్కు తుడిచిన చేతితో ఈ "మీరు" రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది. అలవాటవుతుంది లెండి.

సకల పునీతుల పండుగనాడు ఏం జరిగిందో చెబుతాను, వినండి. ఊళ్ళో ఆడవాళ్ళమంతా సమాధులు కడగడానికి వెళ్ళాం. నా వాడి సమాధి, తొమె సమాధి పక్కపక్కనే. బెన్విందాకీ నాకూ చిన్నప్పట్నుంచీ ఒకే బకెట్టు. ఎప్పుడూ తను నీళ్ళు పోస్తే నేను రుద్దేదాన్ని. ఆ రోజు తన బకెట్టు తనే తెచ్చుకుంది. నేను చామంతులు సగం తీసి తొమె మీద పెట్టబోతే పట్టుకుంది.

"వద్దు. మీ పువ్వులు మీ వాడికే పెట్టుకో" అంది.

"ఏంటే బెన్విందా, తొమె నా చేతిలో పెరగలేదూ?"

"పెరిగాడు. నీ కొడుకు చేతిలో పోయాడు. టీవీలో చెప్పారుగా, తొందరపాటని. ఎవరో అనామకుడు చెప్పాడా? నీ మంత్రే చెప్పాడు. ఈస్టరుకి నువ్వు రొట్టె చేసి పెట్టే మంత్రే చెప్పాడు. సొంతవాడే అన్నాక ఇంకెవర్ని నమ్మమంటావ్?"

"స్తంభం మీద బంతులున్నాయా? నువ్వు చూశావా?"

"నేను ఇంట్లో ఉన్నాను. మంత్రికి తెలీదా మరి?"

 మోకాళ్ళ మీద కూర్చుని నా రాయి నేను రుద్దుకున్నాను. చుట్టూ ఆడవాళ్ళంతా వింటున్నారు. 

అర్థమైందా అండి? తమరు నా కొడుకును రెండోసారి ముంచారు. ఒకసారి మొగలో, ఇంకోసారి ఊళ్ళో. సముద్రం నా వాణ్ణి చంపి ఊరుకుంది. తమరు చచ్చినవాడి చేత హత్య చేయించారు.

ఇంకో సంగతి. వసంతంలో పూడిక తీసే ఓడ వచ్చింది. మేమంతా ఒడ్డుకొచ్చి చప్పట్లు కొట్టాం. ఫాదర్ క్లెమెంటీను ఆశీర్వదించారు కూడా. ఇసుక సరిగ్గా తోడకుండానే మూతి ఎత్తుకుని దక్షిణానికి వెళ్ళిపోయింది. అక్కడ డబ్బున్నవాళ్ళ తెల్లపడవలకు కొత్త రేవు కట్టారటగా. ప్రారంభోత్సవం ఫోటోలో తమరు రిబ్బను కత్తిరిస్తున్నారు. పేపరు తడి చేపలు చుట్టడానికి నా చేతికొచ్చింది. తమరి మొహం మీదే సార్డీన్లు చుట్టి అమ్మాను.

తమరు నా కొడుకు పేరు కడగండి. బెన్విందాకు వినబడేలా కడగండి. వేరే ఏ దయా నాకొద్దు.

ఎర్మెలిండా


లిస్బన్,
డిసెంబరు 14, 1997

జ్ఞానమ్మా,

ఇది నా చేతిరాత. ముందు వచ్చిన ఉత్తరం నేను చూడలేదు. అది ఆఫీసులో తయారైంది. సంతకం ముద్ర కూడా వాళ్ళే వేశారు. క్షమించు. దయచేసి "మీరు" అనకు. నన్ను "ఒరేయ్" అనే మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివే మిగిలావు. అమ్మ పోయాక ఎవరూ లేరు.

జెఫెరీను కోసం నేను ఏడవలేదని అనుకోకు. కానీ కొన్ని సంగతులు నువ్వు అర్థం చేసుకోవాలి. నేను ఎవరి పేరూ చెప్పలేదు. కొందరు సరంగులు అన్నాను, అంతే. పూడిక తీసే ఓడ ఈ దేశం మొత్తానికీ ఒక్కటే ఉంది. దాన్ని ఎక్కడికి పంపాలన్నది మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం. నా ఒక్కడిదీ కాదు. దక్షిణాన పని ఆగిపోతే కొన్ని వందల మందికి జీవనాధారం పోయేది. నిర్ణయం తప్పని నేను ఈరోజు టీవీలో అంటే రేపు ప్రతిపక్షం దాన్ని పట్టుకుంటుంది. ప్రధాని నన్ను తీసేస్తారు. నా చోట వచ్చేవాడికి సర్గెయిరా పటంలో ఎక్కడుందో కూడా తెలియదు. నేను లోపల ఉంటేనే మీ మొగ బాగుపడుతుంది.

నేను చేయగలిగింది చేస్తున్నాను. ఫిబ్రవరిలో ఓడ వస్తుంది. ఈసారి పని పూర్తయ్యేదాకా కదలదు. నదికి రెండువైపులా రాతి కట్టలు కడతాం. ఉత్తరపు కట్టకు జెఫెరీను పేరు పెట్టిస్తాను. పాలరాయి మీద చెక్కిస్తాను. ఊరు ఉన్నంతకాలం వాడి పేరు ఉంటుంది.

మట్టల ఆదివారం నాడు ఎప్పటిలాగే జ్ఞానపుత్రుడు తేవలసిన ఆలివ్ కొమ్మ తీసుకుని వస్తాను, ఈస్టరుకి నీ చేతి రొట్టె తింటాను. మంత్రినయ్యాక కూడా ఏ ఏడూ మానలేదు. ఈ ఏడు మానితే నాకు ఈస్టరే ఉండదు.

నీ అదేరితు


సర్గెయిరా,
ఫిబ్రవరి 23, 1998

అదేరితు,

సరే, "మీరు" తీసేశాను. గౌరవం ఇచ్చి తిట్టడం నాకు చేతకాదు.

ఓడ వచ్చింది. పొద్దుటినుంచీ చీకటిపడేదాకా ఇసుక తోడుతోంది. నల్లటి ఇసుక, కుళ్ళు వాసన. నా కొడుకు పోయాక తోడుతోంది. మగవాళ్ళు ఒడ్డున నిలబడి "మంత్రి మాట నిలబెట్టుకున్నాడు" అంటున్నారు. వింటూ వాళ్ళ పక్కనుంచే చేపల గంప ఎత్తుకుని వెళ్ళాను. నన్ను చూసి నోళ్ళు మూసుకున్నారు. మూసుకున్నారే గానీ రేపు ఓటు నీకే వేస్తారు.

పాలరాయి ఎందుకురా? పాలరాయి మీద పేరు చెక్కితే చదివినవాళ్ళు ఏమనుకుంటారు? "వీడెవడు?" "తొందరపడి మొగ దాటబోయి చచ్చినవాడు. మంత్రిగారు దయతలిచి పేరు పెట్టారు." ఇదే కదా? నువ్వు మోపిన నిందను రాతిమీద చెక్కిస్తావా? తొమె పేరు ఎందుకు పెట్టలేదు? వాడు నీకు ఏమీ కాడు కాబట్టా? బెన్విందా ఆ రాయి పక్కనుంచి రోజూ ఎలా నడవాలి? నీ జేబులోంచి రాయి తీసి నా నోట్లో కుక్కాలని చూస్తున్నావు.

ఎవరి పేరూ చెప్పలేదని రాశావు. ఆ వారం మునిగిన పడవ ఒక్కటే. సరంగు ఒక్కడే. అందరికీ తెలిసేలా చెప్పి, నేను చెప్పలేదంటావు. ఇదేనా లిస్బన్‌లో నేర్చుకున్నది? చిన్నప్పుడు నా రొట్టె దొంగతనంగా తిని "నేను కాదు జ్ఞానమ్మా, పిల్లి" అనేవాడివి. అప్పుడు కనీసం మూతికి రొట్టె పొడి అంటుకుని ఉండేది. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు మూతి శుభ్రంగా తుడుచుకున్నావు. నవ్వు రావడం లేదు.

లోపల ఉండాలంటావు. ఉండు. నీ కుర్చీలో నువ్వు ఉండు. నేను కుర్చీ అడగలేదు. నీ నోరు అడిగాను.

మట్టల ఆదివారానికి రావద్దు. ఆ మాట చెప్పిన తరవాత రా. చెప్పకుండా ఆలివ్ కొమ్మ పట్టుకుని వస్తే నా గడప తొక్కనివ్వను. నువ్వు నా జ్ఞానపుత్రుడివి అని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే "ఎవరో లెండి, టీవీలో వస్తాడు" అంటున్నాను.

ఎర్మెలిండా


లిస్బన్,
మార్చి 20, 1998

జ్ఞానమ్మా,

నేను చంపానా వాణ్ణి? సూటిగా అడుగుతున్నాను. అల నేను లేపానా? నీ ఉత్తరాలు చదివితే వాణ్ణి నా చేతులతో నీళ్ళలో తొక్కినట్టుంది. నాకూ కోపం వస్తుంది. ఇరవై ఏళ్ళు మన ఊరికోసం తిరిగాను. రోడ్డు ఎవరు వేయించారు? మంచుగడ్డల ఫ్యాక్టరీ ఎవరు తెచ్చారు? అదంతా ఇప్పుడు సున్నా అయిపోయింది. ఒక్క వాక్యం మిగిలింది.

ఆ వాక్యం గురించే చెబుతాను. ఇంకెవరికీ చెప్పలేదు. అది నేను రాసుకున్నది కాదు. కెమెరాల ముందుకు వెళ్ళేముందు చేతికిచ్చారు. అప్పటికే నాకు పడవ పేరు తెలుసు. గుయా మాత అని తెలుసు. సరంగు ఎవరో తెలుసు. "ఇది చదవను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అందరూ నావైపు చూస్తున్నారు. చదివేశాను. చదివాక నీళ్ళు అడిగాను. ఇంతకన్నా ఏం చెప్పను? తెలిసీ చదివినందుకు నేను అనుభవిస్తున్నది నాకు చాలదా? ఊరందరి ముందూ కూడా అనుభవించాలా?

ఇంకొకటి. నువ్వు రావద్దన్నావు. కానీ ఈ ఈస్టరుకి ఊళ్ళో సిలువ మోయమని ఫాదర్ క్లెమెంటీను నన్ను అడిగారు. ఎర్ర వస్త్రం కప్పుకుని ఇంటింటికీ సిలువ తీసుకెళ్ళే గౌరవం మా నాన్నకు కూడా దక్కలేదు. కాదనలేకపోయాను. మీ వీధిలోకి కూడా వస్తుంది. అందరి గడపల్లోకీ వెళ్ళే సిలువ నీ గడప దాటి పోదు కదా. అప్పుడు మాట్లాడుకుందాం. క్రీస్తు లేచిన రోజున తలుపు మూయకు.

అదేరితు


సర్గెయిరా,
ఏప్రిల్ 14, 1998

అదేరితు,

తెలిసే చదివావా. తెలియక అన్నావేమో అని మనసులో ఒక మూల ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఆ మూల కూడా నువ్వే ఊడ్చేశావు.

మట్టల ఆదివారం నాడు నీ డ్రైవరు ఆలివ్ కొమ్మ తెచ్చి ఇచ్చాడు. "అమ్మా, సారు పంపారు" అన్నాడు. "మీ సారు కాళ్ళకు ఏమైంది?" అని అడిగి తిప్పి పంపాను. పాపం, వాడు బిక్కమొహం వేసుకుని వెళ్ళాడు.

మొన్న ఈస్టరునాడు జరిగింది నువ్వూ చూశావు, నేనూ చూశాను. అయినా రాస్తాను. నువ్వు లిస్బన్ వెళ్ళి వేరేలా జ్ఞాపకం పెట్టుకుంటావు.

నేను తలుపు మూయలేదు. పొద్దున్నే లేచి గడప నుంచి వీధిదాకా కమేలియా పూల రేకులు పరిచాను. నల్లగౌను మీద తెల్ల లేసు వేసుకున్నాను. బల్ల మీద గుడ్డ పరిచి, రొట్టె, ద్రాక్షసారా పెట్టాను. నా దేవుడితో నాకు తగాదా లేదు. చిట్టిగంట మోగుతూ వచ్చింది. వెనక సగం ఊరు, దాని వెనక కెమెరా. బెన్విందా ఎదురుగా తన గుమ్మంలో నిలబడి ఉంది. నువ్వు ఎర్ర వస్త్రంలో, పూలు కట్టిన వెండి సిలువ పట్టుకుని నా రేకుల మీద అడుగు పెట్టబోయావు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

ఫాదర్ అన్నారు: "ఎర్మెలిండా, దారివ్వమ్మా. సిలువ వచ్చింది."

"సిలువకు దారి ఉంది ఫాదర్. మోసేవాడికి లేదు. ఇంకొకరి చేతికివ్వమనండి."

 నువ్వు ఇవ్వొచ్చు. పక్కనే మీ చిన్నాన్న ఉన్నాడు, గంట మోగించేవాడున్నాడు. ఎవరికిచ్చినా అయిపోయేది. నువ్వు కెమెరావైపు ఒక చూపు చూశావు. తరవాత ముద్దుపెట్టుకుంటున్నట్టు నా మీదికి వంగి చెవిలో అన్నావు: "తప్పు నాదే జ్ఞానమ్మా. జెఫెరీను తప్పేం లేదు. ఇక లోపలికి రానివ్వు."

ఆ చివరి మాట ఎందుకన్నావురా? అది అనకపోతే నేను పక్కకు జరిగేదాన్నేమో. నా కొడుకు పేరును నీ కాళ్ళు లోపల పెట్టుకోవడానికి టిక్కెట్టు చేశావు.

"గట్టిగా చెప్పు" అన్నాను.

నువ్వు చెప్పలేదు. పెదవులు కదిలాయి.  నీ కళ్ళలో నీళ్ళు కూడా చూశాను. ఉన్న నీళ్ళు లేవని నేను అనను. కానీ చెప్పలేదు. ఫాదర్ తలదించుకుని గంట మోగించమన్నారు. సిలువ నా ఇల్లు దాటి పోయింది. నేను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికొచ్చాక ఎప్పుడూ అలా జరగలేదు. గ్రసియెట్ లోపల మోకాళ్ళ మీద కూర్చునే ఉంది, లేవలేదు. నేను చీపురు తెచ్చి రేకులు ఊడ్చేశాను. బెన్విందా గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

ఊరంతా నన్ను పిచ్చిదంటోంది. క్రీస్తును గెంటేసిందట. వాళ్ళను అననివ్వు. నా గడప దగ్గర ఎవరు నిలబడిపోయారో ఆయనకు తెలుసు.

ఎర్మెలిండా


లిస్బన్,
మే 29, 1998

జ్ఞానమ్మా,

పేపర్లలో చూసే ఉంటావు. నిన్న ప్రధానికి రాజీనామా ఇచ్చాను. ఆయన చాలా బతిమాలారు. నేను వినలేదు. కారు, ఆఫీసు, అన్నీ అప్పగించేశాను. వచ్చే ఎన్నికల్లో నిలబడను. నా జీవితంలో ఇంతకంటే పెద్దది నా దగ్గర ఏమీ లేదు. అది ఇచ్చేశాను.

ఇప్పుడైనా నీ కోపం చల్లారిందా?

అదేరితు


సర్గెయిరా,
జూన్ 7, 1998

అదేరితు,

చూశాను. "ఆరోగ్య కారణాల వల్ల" అని రాశారు. నీ ఆరోగ్యానికేమైంది? కొండరాయిలా ఉన్నావు. ఆ కారణం కూడా వేరొకళ్ళు రాసిచ్చారా, నువ్వే రాసుకున్నావా?

కుర్చీ వదిలేశావు. ఇరవై ఏళ్ళు కష్టపడి ఎక్కినదంతా ఒక్కపూటలో దిగిపోయావు. అంత పని చేయగలిగావు గానీ ఒక్క వాక్యం చెప్పలేకపోయావు. నాకు ఇదే అర్థం కావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది. నీ కుర్చీ పోతే బెన్విందాకు ఏం తెలుస్తుంది? టీవీలో నీ గురించి మంచే చెప్పారు. పనిమంతుడట, నిజాయితీపరుడట. నువ్వు మంచివాడివై ఇంటికెళ్ళావు. నా కొడుకు తొందరపాటువాడై మట్టిలోనే ఉన్నాడు.

నిన్న బెన్విందా మా ఇంటికొచ్చింది. స్మశానం తరవాత ఇదే రావడం. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ రోజు నీ చెవిలో ఏమన్నాడు?" అంది.

"లోపలికి రా" అన్నాను.

"ఎర్మెలిండా, ఆ మాట వినగానే నీ మొహం తెల్లబోయింది. నేను చూశాను. ఏమన్నాడో చెప్పు. నాకు కొడుకు పోయాడు. నాకు తెలియాలి."

నోటిదాకా వచ్చింది. దేవుడి మీద ఒట్టు, నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నేను చెబితే అది తల్లి మాట అవుతుంది. తల్లి కొడుకును వెనకేసుకురాకుండా ఉంటుందా అనుకుంటుంది. ఒక రోజు నమ్ముతుంది, మర్నాడు తొమె చొక్కా ముట్టుకున్నప్పుడు మళ్ళీ అనుమానపడుతుంది. నింద వేసింది నువ్వు. తీయవలసింది కూడా నువ్వే.

"వాణ్ణే అడుగు" అన్నాను.

"వాడొస్తాడా?" అంది.

"కాళ్ళున్నాయిగా" అన్నాను.

ఇప్పుడు నీకు కారు లేదు, కెమెరా లేదు, చేతికి కాగితం అందించేవాళ్ళు లేరు. ఇక నీ నోటికి అడ్డం ఏముంది? లిస్బన్ నుంచి రైల్లో వచ్చి, స్టేషన్లో మా ఊరి బస్సెక్కు. చేపల వాళ్ళ మధ్య నిలబడి రావాల్సొస్తుంది, వాసనేస్తుంది, భరించు. బస్సు బెన్విందా ఇంటి ముందే ఆగుతుంది. ముందు అక్కడ తలుపు కొట్టు. తను ఏం చేస్తుందో నాకు తెలీదు. చెంప మీద కొట్టొచ్చు. కొడితే నిలబడు.

నా ఇల్లు ఎదురుగానే. ఆ తరవాత రా.

ఎర్మెలిండా